కార్డులో పెద్దవాడు

వెంకటసుబ్బయ్యకు ముసలితనం ఒక్క పూటలో వచ్చింది. పొద్దున గొర్రెలు తోలుకుపోయినప్పుడు ఆయనకు యాభై దాటి మూడో నాలుగో ఉంటాయి. మధ్యాహ్నం ఊరి బడిలో ఆధార్ కార్డు తీయించుకుని మెట్లు దిగేసరికి అరవై అయిదు నిండిపోయాయి.

తప్పంతా గడ్డానిది. శ్రీశైలం మల్లన్నకు మొక్కుకుని ఆ ఏడంతా గడ్డం పెంచాడు. తల వెంట్రుకలు నల్లగానే ఉన్నాయి గాని వాటి మీద తలపాగా ఉంది. కనిపించిందల్లా రొమ్ము దాకా దిగిన తెల్లటి గడ్డమే. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రవాడు "పుట్టిన తేదీ ఏంది పెద్దాయనా?" అని అడిగాడు.

"నేను పుట్టినప్పుడు నాకేం తెలుసు నాయనా, నువ్వే ఏదో ఒకటి ఎయ్యి" అన్నాడు వెంకటసుబ్బయ్య. కుర్రవాడు గడ్డాన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి వేసేశాడు.

ఆయన వెనకే వరసలో చెల్లెలి మొగుడు బ్రహ్మం నిలబడి ఉన్నాడు. నిజానికి బ్రహ్మం ఆయనకంటే ఏడేళ్ళు పెద్ద. కాని అంతకు ముందు రోజే కనిగిరిలో బంధువుల పెళ్ళికి పోయి వచ్చాడు. పెళ్ళివారింట్లో కుర్రకారు ఆయన్ను కుర్చీలో కూలేసి, జుట్టుకూ మీసానికీ రంగు పట్టించి పంపారు. ఆ కాకినలుపు మీసాన్ని చూసి కంప్యూటర్ కుర్రవాడు నలభై తొమ్మిది వేశాడు. బ్రహ్మం ఏమీ అనలేదు. ఆయన మాట్లాడేది గొర్రెలతోనే. వాటితోనైనా అవసరం పడితేనే.

మొక్కు తీరి గడ్డం పోయింది. రంగు దిగిపోయి బ్రహ్మం మీసం మళ్ళీ తెల్లబడింది. కార్డులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉండిపోయాయి.

పుల్లలచెరువు మండలంలో, నల్లమల అంచున ఉండే ఆ ఊళ్ళో మనిషికి కార్డు వయసు ఒకటి, అసలు వయసు ఒకటి ఉండడం వింతేమీ కాదు. ఊరందరూ జనవరి ఒకటిన పుట్టినవాళ్ళే. దాన్ని ఎవరూ అబద్ధం అనుకోరు. సంతలో తన సైజు చెప్పులు లేకపోతే దొరికినవి తొడుక్కుని వచ్చినట్టు, దొరికిన వయసుతో సర్దుకుపోతారు.

వెంకటసుబ్బయ్య సర్దుకోవడంతో ఆగలేదు. ఆ వయసులోకి కాపురమే మార్చేశాడు.

ముసలి పింఛను ఆయనకు వెంటనే వచ్చింది. బ్రహ్మానికి ఏళ్ళు గడిచినా రాలేదు. "మా ఆయనకు పళ్ళన్నీ ఊడినాక ఇస్తారంట, నమలకుండా మింగేదానికి" అని చెల్లెలు పాపమ్మ అన్నను దెప్పేది. అది అన్నకు పట్టలేదు. ఆయనకు పింఛనుకంటే రుచిగా ఉన్నది వేరే ఉంది. గొర్రెల తగాదా అయినా, పెళ్ళి మాటలైనా ఆ ఊళ్ళో మొదటి మాట వయసులో పెద్దవాడిది. ఒకసారి అట్లాంటి తగాదాలో కోటి అనే కుర్రవాడు ఎగతాళికి, "కార్డు ప్రకారం మన సుబ్బయ్య మామే అందరికీ పెద్ద, ఆయన్నే చెప్పమనండి" అన్నాడు. అందరూ నవ్వారు. వెంకటసుబ్బయ్య నవ్వలేదు. గొంతు సవరించుకుని తీర్పు చెప్పేశాడు.

ఆ తర్వాత చేతికి కర్ర వచ్చింది. కూర్చున్నప్పుడు "రామా" అనడం, లేచినప్పుడు "నాయనోయ్" అనడం వచ్చింది. తనకంటే పెద్దవాళ్ళతోనే "మా కాలంలో" అని మొదలుపెట్టేవాడు. అసలు సంగతి తెలిసిన ముసలివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. పెరిగి పెద్దవాళ్ళయిన పిల్లలకు అది నిజమే అయి కూర్చుంది. ముప్పై ఏళ్ళు "బావా" అని పిలిచిన మనిషిని వెంకటసుబ్బయ్య ఒక రోజు "ఏమోయ్ బ్రహ్మం" అన్నాడు. బ్రహ్మం ఆయన మొహంలోకి కాసేపు చూసి, "ఏంది బావా?" అన్నాడు. అంతటితో అధికారం చేతులు మారింది.

ఈ మధ్య వానలు వెనకబట్టాక ఇద్దరికీ ఒకేసారి జ్వరం పట్టుకుంది. అడవి పొదల్లో గొర్రెలతో పడుకున్నప్పుడు కంటికి ఆనని పురుగు ఏదో కుట్టింది. ఊళ్ళో సూదులేసే ఆయన వచ్చి ఇద్దరికీ చెరో రెండు పొడిచినా ఒళ్ళు చల్లబడలేదు. పాపమ్మ ఇద్దరినీ ఆటోలో ఎక్కించింది. గొర్రెలు ఈనే రోజులు కాబట్టి తాను రాలేకపోయింది.

"అన్నా, మా ఆయన నోరు తెరవడు, నీకు చెప్తన్నా. డాక్టరుతో నీ గొప్పలే చెప్పుకోకుండా ఆయన్ను గూడా చూపించు" అంది.

"పెద్దోణ్ణి నేనుండంగా నీకెందుకు భయం?" అన్నాడు వెంకటసుబ్బయ్య, వణుకుతూనే.

"నువ్వు ఉండావనే" అంది పాపమ్మ.

మార్కాపురంలో ఒక చిన్న ఆసుపత్రిలో దిగారు. ముందు గదిలో రిహానా అనే అమ్మాయి పేర్లు రాసుకుని రక్తం తీస్తోంది.

"పేరు చెప్పు తాతా."

"వెంకటసుబ్బయ్య. పెద్ద వెంకటసుబ్బయ్య అని రాయమ్మా."

"మీ ఊళ్ళో చిన్న వెంకటసుబ్బయ్య ఉన్నాడా?"

"లేడు."

రిహానా తల ఎత్తి చూసి, మళ్ళీ దించుకుంది. "వయసు?"

ఆయన కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. "డెబ్భై ఏడు. చూసేదానికి అట్ల కనపడను గాని."

"కనపడవు తాతా, నిజమే." ఆమె బ్రహ్మం వైపు తిరిగింది. బ్రహ్మం కూడా కార్డు ఇచ్చాడు. "అరవై ఒకటి" అని చదివి, ఆ మొహాన్ని ఒక్క క్షణం చూసింది. వెనక వరస వాకిలి దాటిపోయింది. కార్డులో ఉన్నదే ఎక్కించి, ఇద్దరి రక్తం తీసి పంపింది.

మధ్యాహ్నానికి ఫలితాలు వచ్చాయి. ఆ ఆసుపత్రిలో కొత్తగా ఒక పద్ధతి పెట్టారు. మామూలు రక్త పరీక్షల అంకెలు కంప్యూటర్‌లో పడగానే, ఆ జ్వరం ఎవరికి ముదురుతుందో, ఎవరికి తేలిగ్గా పోతుందో అది అంచనా కట్టి రంగు చూపిస్తుంది. పచ్చ వస్తే మాత్రలతో ఇంటికి. పసుపు వస్తే రెండు రోజులు ఇక్కడే. ఎరుపు వస్తే కళ్ళముందు నుంచి కదలనివ్వరు, అవసరమైతే ఒంగోలు పంపుతారు.

వెంకటసుబ్బయ్యకు ఎరుపు వచ్చింది. బ్రహ్మానికి పచ్చ వచ్చింది.

ఒక్కసారిగా వెంకటసుబ్బయ్య చుట్టూ జనం మూగారు. శ్యాంసన్ అనే నర్సు ఆయన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్యాను కింద ఉన్న మెత్తటి మంచం మీదికి చేర్చాడు. ఒక చేతికి సెలైను, ఇంకో చేతి వేలికి ఏదో క్లిప్పు. "పెద్దాయన జాగ్రత్త, పెద్దాయన జాగ్రత్త" అని పోయే ప్రతివాళ్ళూ అంటున్నారు. ఆయనకు ఒకవైపు ప్రాణభయం పట్టుకుంది. ఇంకోవైపు, ఎక్కడో మార్కాపురం కంప్యూటర్‌కు కూడా తాను పెద్దవాడని తెలిసిపోయినందుకు మీసం మీదికి చెయ్యి పోతోంది. క్లిప్పు అడ్డం వచ్చి ఆగిపోయాడు.

డాక్టరు మహేశ్వరి వచ్చి నాడి చూసింది. ఆయన మెల్లగా అడిగాడు. "అమ్మా, ఇద్దరం ఒకే చోట పండుకున్నాం, ఒకే పురుగు కుట్టింది. నాకు ఎరుపు, ఆయనకు పచ్చ ఎందుకొచ్చినాది?"

"మంచి ప్రశ్నే అడిగావు పెద్దాయనా. ఇట్లాంటి జ్వరం వచ్చిన వేలమంది రక్త పరీక్షలు ఈ కంప్యూటర్‌కు ముందే చూపించారు. వాళ్ళలో ఎవరు తేరుకున్నారో, ఎవరికి ఊపిరితిత్తుల దాకా పోయిందో అది కూడా చెప్పారు. వాటిని చూసి చూసి అది నేర్చుకుంది. కొత్త మనిషి అంకెలు చూడగానే, ఈయన ఎవరిలాంటివాడు అని పోల్చుకుంటుంది."

గొర్రెల కాపరికి ఇది అర్థం కావడం ఏమంత కష్టం కాదు. మందలో ఏ గొర్రె రేపు పడిపోతుందో చెవులు చూసి చెప్పడం ఆయనకూ తెలుసు. "మరి నా రక్తం అంత చెడిపోయిందా?"

"అదేం కాదు. నిజానికి మీ ఇద్దరి రక్తం ఇంచుమించు ఒకటే. ఆయనదే కొంచెం బాగాలేదు. కాని నీకు డెబ్భై ఏడు కదా. ఆ వయసులో ఈ అంకెలు ఉంటే ముదిరే ప్రమాదం ఎక్కువ. ఆయనకు అరవై ఒకటే, తట్టుకుంటాడు. వయసే తేడా" అని చెప్పి ఆమె పక్క మంచం వైపు వెళ్ళింది.

వెంకటసుబ్బయ్య పైన తిరిగే ఫ్యానును చూస్తూ ఉండిపోయాడు. ముందు తన సంగతే తట్టింది. అయితే తనకు ఎరుపు లేదు! గుండెల మీద బరువు దిగినట్టయింది. తర్వాత రెండో సంగతి తట్టింది. తనకు ఎరుపు లేదంటే, బ్రహ్మానికి పచ్చ లేదు.

చెప్పాలి. కాని ఎట్లా?

ఈ కంప్యూటర్‌కు చెపితే పింఛను కంప్యూటర్‌కు తెలియకుండా ఉంటుందా? ఆధార్ అంటే అన్నిటికీ ముడిపెట్టిందే కదా. అవన్నీ వైర్లలో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయని కోటి చెప్పాడు. ఇక్కడ అరవై ఆరు అన్నాడంటే, పొద్దు కుంకేలోపు పుల్లలచెరువులో తెలిసిపోతుంది. పింఛను పోతే పోయింది, ఇన్నేళ్ళూ తిన్నది కక్కమంటే? అదీ పోనీ. రేపు ఊళ్ళో పంచాయితీ జరిగితే ఎక్కడ కూర్చోవాలి? చిన్నవాళ్ళతో పాటు వెనక నిలబడాలా? మాత్రలు ఎటూ ఇచ్చారు కదా, బ్రహ్మం గట్టి మనిషి, తట్టుకుంటాడులే అనుకున్నాడు. అనుకుని అటు పక్కకు తిరిగి పడుకున్నాడు. ఫ్యాను గాలి కూడా వెచ్చగా తగిలింది.

"బావా."

బ్రహ్మం మంచం దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో మాత్రల కవరు. తన భుజం మీది కంబళి తీసి వెంకటసుబ్బయ్య కాళ్ళ మీద కప్పాడు.

"ఆటో ఉందంట. నే పోతా. నీ గొర్రెలు గూడా నేనే చూసుకుంటాలే" అన్నాడు. బ్రహ్మం ఒక్క పూటలో అన్ని మాటలు ఆడడం వెంకటసుబ్బయ్య ఎన్నడూ వినలేదు. మాటకూ మాటకూ మధ్య ఆయన నోటితో గాలి పీల్చుకుంటున్నాడు.

వాకిలి దాకా పోయి గోడ పట్టుకున్నాడు. నాలుగడుగులు వేసి బెంచీ మీద కూర్చున్నాడు. లేచి, మెట్టు దగ్గర మళ్ళీ కూర్చున్నాడు. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. డొక్కలు అట్లా ఎగిరే గొర్రెను వెంకటసుబ్బయ్య ఎన్నడూ మందలోకి తోలలేదు. భుజాన వేసుకుని ఇంటికి మోసుకొచ్చేవాడు.

"ఒరేయ్ శ్యాంసనూ!" అని అరిచాడు. "ఆయన్ను ఆపండ్రా! ఎరుపు నాది కాదు, ఆయనది! నేను చిన్నోణ్ణి!"

వార్డంతా ఇటు తిరిగింది. శ్యాంసన్ పరుగెత్తుకొచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి వేశాడు. "మేడం, పెద్దాయనకు జ్వరం తలకెక్కినట్టుంది. తాను చిన్నోణ్ణంటున్నాడు."

"చిన్నోణ్ణే! కావాలంటే అడగండి!"

డాక్టరు వచ్చింది. జ్వరం మెదడుకు పాకిందేమో చూడడానికి కొన్ని ప్రశ్నలు అడగడం అక్కడ అలవాటు. "పెద్దాయనా, నీ పేరేంటి?"

"వెంకటసుబ్బయ్య."

"బాగుంది. నీ వయసెంత?"

"అరవై ఆరు."

డాక్టరు, శ్యాంసన్ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. శ్యాంసన్ కేసు షీటులో ఏదో రాసుకున్నాడు.

"సరే. మీది ఏ జిల్లా?"

"ఇప్పుడా, పుట్టినప్పుడా? పుట్టినప్పుడు కర్నూలు."

శ్యాంసన్ మళ్ళీ రాసుకున్నాడు. "మేడం, ఒంగోలుకు ఫోన్ చెయ్యమంటారా?" అన్నాడు.

"ఒంగోలు కాదురా, మా చెల్లెలు పాపమ్మకు చెయ్యి!" అని వెంకటసుబ్బయ్య చొక్కా జేబులో నుంచి ఫోన్ తీసి విసిరినంత పని చేశాడు. రిహానా అందుకుని, పాపమ్మ పేరు వెతికి స్పీకరు పెట్టింది. అవతల గొర్రెపిల్లల అరుపుల మధ్య పాపమ్మ గొంతు వినిపించింది.

"ఏందన్నా, ఏమైనాది?"

"అమ్మా, ఆసుపత్రి నుంచి రిహానాను. మీ అన్నకు, మీ ఆయనకు వయసులో ఎవరు పెద్ద?"

"కార్డులోనా, నేల మీదనా?"

డాక్టరు ముందుకు వంగింది. "నేల మీద."

"మా ఆయనే పెద్ద తల్లీ! మా ఊళ్ళు కర్నూలు జిల్లా నుంచి ఒంగోలు జిల్లాలోకి మార్చినారే, ఆ ఏటికి మా ఆయనకు మీసాలొచ్చి మందను ఒంటిచేత్తో మేపుతున్నాడు. మా అన్న అప్పుడు బడెగ్గొట్టి చెట్ల మీద ఉండేటోడు. పెద్దోడంట పెద్దోడు! అన్నా, ఇంటున్నావా? ఈ మాట ఎవరైనా అడిగితే చెప్పాలని ఇన్నేళ్ళ నుంచి చూస్తన్నా!"

"ఇంటున్నానే, అందరూ ఇంటున్నారు" అన్నాడు వెంకటసుబ్బయ్య, కంబళి మొహం మీదికి లాక్కుంటూ.

"మరి నా మొగుడికి ఏమన్నా అయితే చెప్తా నీ సంగతి!" అని అరిచి, మెల్లగా అడిగింది. "ఆయన ఎట్లున్నాడు తల్లీ?"

రిహానా డాక్టరు వైపు చూసింది. డాక్టరు అప్పటికే మెట్ల దగ్గరికి నడుస్తోంది. "చూసుకుంటున్నామమ్మా" అని రిహానా ఫోన్ పెట్టేసి, కంప్యూటర్ దగ్గరికి పోయి రెండు వయసులూ మార్చింది. అంకెలు అవే, రక్తం అదే. వెంకటసుబ్బయ్యకు పసుపు వచ్చింది. బ్రహ్మానికి ఎరుపు వచ్చింది.

చక్రాల కుర్చీ ఇప్పుడు మెట్ల వైపు పరుగెత్తింది. శ్యాంసన్ వెనక్కి వచ్చి, "తాతా, ఏమనుకోవద్దు, ఈ మంచం ఎరుపు వాళ్ళకు" అన్నాడు. వెంకటసుబ్బయ్య తన సెలైను సీసా తానే పైకెత్తి పట్టుకుని, గోడవారగా ఉన్న ఇనుప మంచం మీదికి మారాడు. అక్కడ ఫ్యాను తగలదు.

ఆ సాయంత్రమే బ్రహ్మానికి ఊపిరి అందడం కష్టమైంది. ఆటోలో, దోర్నాల దారి గుంతల్లో ఉండాల్సిన మనిషికి ఆక్సిజన్ మాస్కు దగ్గరలోనే ఉంది. ఒంగోలు పంపాలా వద్దా అని డాక్టరు ఫోన్ల మీద ఫోన్లు చేసింది. ఇంకో రోజు చూద్దామంది. మరుసటి రోజు కూడా అదే మాట అంది, కాని ఈసారి గొంతులో కంగారు లేదు. వెంకటసుబ్బయ్య ఆ రెండు రోజులూ కుదురుగా పడుకోలేదు. సీసా చేత పట్టుకుని వచ్చి బ్రహ్మం డొక్కల వంక చూసి పోయేవాడు. శ్యాంసన్ తరిమేవాడు. మళ్ళీ వచ్చేవాడు.

మధ్యలో ఒకసారి రిహానా బల్ల దగ్గర ఆగి, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అమ్మా, నీ కంప్యూటర్ నా వయసు పుల్లలచెరువుకు చెప్పేసినాదా?"

"ఇది పక్క గదిలో ప్రింటరుకే ఏమీ చెప్పదు తాతా. పొద్దున్నుంచి కొట్టుకుంటున్నా."

ఆయనకు సగం ధైర్యం వచ్చింది. మిగతా సగం రాలేదు. "తెలిస్తే తెలియనీలే" అని తనకు తానే చెప్పుకుని వెళ్ళిపోయాడు.

మూడో రోజు పొద్దున బ్రహ్మం మాస్కు తీసేశారు. దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. వెంకటసుబ్బయ్య పక్కన స్టూలు మీద కూర్చుని, ఎటో చూస్తూ, "ఇప్పుడెట్లుంది బావా?" అన్నాడు.

బ్రహ్మం ఆసుపత్రి పైకప్పు చూశాడు. గోడ గడియారం చూశాడు. తర్వాత వెంకటసుబ్బయ్య వైపు తిరిగి, "సుబ్బయ్యా, టీ తాగాలని ఉంది. పోయి పట్టుకురా" అన్నాడు.

"నేనా? నాకు గూడా జ్వరమే!"

"చక్కెర తక్కువ ఎయ్యమను" అన్నాడు బ్రహ్మం.

వెంకటసుబ్బయ్య లేచాడు. "చూసినారా, ఒక్క పూట పెద్దరికం ఇస్తే ఎట్ల అజమాయిషీ చేస్తన్నాడో" అని శ్యాంసన్‌కు చెప్పాడు, రిహానాకు చెప్పాడు, వరసలో నిలబడ్డ ముక్కూ మొహం తెలియని వాళ్ళకు చెప్పాడు. రోడ్డు దాటి బంకులో టీ తీసుకుని, గ్లాసు మీద అరచెయ్యి మూతపెట్టి, దుమ్ము పడకుండా, ఒలకకుండా తెచ్చాడు. దారిలో అరచెయ్యి కాలి రెండుసార్లు చెయ్యి మార్చుకున్నాడు.

బ్రహ్మం ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"చక్కెర ఎక్కువైనాది" అన్నాడు. "ఇంకోటి పట్టుకురా."